ఆదివారం రాత్రి సోమలింగం

శుక్రవారానికి పేరుంది, శనివారానికి పేరుంది.
ఆదివారం రాత్రి గడిలో మాత్రం
ఒక పసుప్పచ్చ ప్రశ్నగుర్తు
లడ్లో ఊళ్ళో, మాంసం కొట్టు అద్దం మీద,
సాసేజీల ధరల పక్కన.

ఆలు లేదు, చూలు లేదు.
మా జనరేటర్ల యార్డులో అప్పుడే
ముగ్గురు సోమలింగాలు పుట్టారు.

డెస్మండ్ ఫోర్క్‌లిఫ్టు దిగకుండానే తేల్చేశాడు:
"సాల్ట్ కజిన్స్. రాసిపెట్టుకో."
పేరుకే కజిన్స్, ఒక తల్లి బిడ్డలే ఇద్దరూ,
పదకొండేళ్ళుగా మాటల్లేవు.
మార్చిలో ఆ తల్లి పోయిందట.
"చావింట్లో మాట్లాడుకుని ఉంటారుగా,
కనీసం టీలో పంచదార ఎంతనైనా అడిగి ఉంటారుగా!
అక్కణ్ణించి పాటకి ఎంత దూరం?"

కైలీది మనసు లెక్క కాదు, క్యాలెండర్ లెక్క.
"ఓడెట్ మార్ష్ శుక్రవారం బ్రసెల్స్‌లో,
మంగళవారం డబ్లిన్‌లో.
మధ్యలో మూడు రోజులు ఏం చేస్తుంది మనిషి?
బట్టలుతుక్కుంటుందా?"

యజమాని బ్రిన్ ఏటా ఒకటే పేరు చెప్తాడు.
బిస్కెట్ డబ్బాలో ఐదు పౌన్ల నోటు వేస్తాడు,
చీటీ మీద అదే పేరు, అదే నీలం సిరా.
ఆ గాయకుడు పోయి ఆరేళ్ళయింది.
ఏటా ఒకరం గుర్తుచేద్దామనుకుంటాం.
ఏటా ఎవరికో ఒకరికి ఫోన్ మోగుతుంది.

నా పేరు వకుళ.
ఇక్కడి నాలుకలు దాన్ని కత్తిరించి
వాక్ అన్నాయి.
సవరించలేదు. తెలియక పెట్టినా మంచి పేరే పెట్టారు.
కానీ పందేల వేళ నా నోట మాట రాదు,
నేను పేర్లని కాదు, కిలోవాట్లని నమ్మేదాన్ని.

ఆర్డరు కాగితం తెప్పించి చదివాను,
పెళ్ళిచూపులకి ముందు జాతకం చదివినట్టు.
శనివారం వాళ్ళకి ఐదొందలవి మూడు పెద్ద జనరేటర్లు,
అంటే నిప్పులు, పొగలు, ఆకాశమంత తెరలు.
ఆదివారానికి చిన్నది ఒక్కటి.
"వణుకు లేని కరెంటు కావాలి" అని కింద గీత,
పాత ఆర్గన్ ఏదో వస్తున్నట్టుంది.
చివర్న, పెన్సిల్‌తో, తర్వాత గుర్తొచ్చినట్టు:
వేదిక వెనక ఇస్త్రీపెట్టెకి ఒక సాకెట్టు.

పైకే చదివాను.
డెస్మండ్ సోదరులు జన్మలో ఇస్త్రీ ఎరగరు.
ఓడెట్‌కి బట్టల కోసమే ఒక లారీ ఉంది.
తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని
పాడటానికొచ్చే మనిషి ఎవరబ్బా?

కైలీ నా కాలు తొక్కింది.
గోడ మీద, బ్రిన్ కుర్చీ వెనక,
మాసిన ఫోటోలో ఆ పోయినాయన
తెల్లచొక్కా, కత్తిలాంటి మడత.

బ్రిన్ కాగితం అందుకున్నాడు.
అద్దాలు పెట్టుకుని ఆ పెన్సిల్ గీతలు చూశాడు,
నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.
"కేబుల్ ఎనభై మీటర్లు తీయండి" అన్నాడు.
అంతే.

నేనూ చీటీ వేశాను ఆ సాయంత్రం,
తెలుగులో రాసి,
ఎవరూ చదవకూడదని.

బుధవారం రాత్రి మైదానంలో పరీక్ష.
వేదికకి ఇంకా పైకప్పు లేదు,
కంచె అవతల గొర్రెలు,
కుడివైపు కొండ మీద ఒకే ఒక్క దీపం.
తాళం తిప్పాను.
ముందు దగ్గింది, తర్వాత కుదురుకుంది
సెకనుకి యాభై సార్లు,
బూట్ల కింద గడ్డి దాకా ఒకటే శ్రుతి.
మంద్రంలో పంచమం, కొద్దిగా తక్కువ.
గొర్రెలు తలలెత్తి చూశాయి,
ఎవరొస్తున్నారని.

మీటరు ముల్లు కదల్లేదు. వణుకు లేదు.
పని అయిపోయినట్టే.
వ్యానులోంచి బ్రిన్ రెండుసార్లు హారన్ కొట్టాడు, పోదాం రమ్మని.
వినపడనట్టు నిలబడ్డాను.
మూడోసారి కొట్టలేదు.
వ్యాను ఇంజను ఆపేసి,
కిటికీ అద్దం దించాడు.